పదో తరగతి బ్యాచ్ అంటే పాసైనవాళ్లు మాత్రమే కాదు

మీరు అడిగింది ఇది: కృష్ణా డెల్టాలో ఒక చిన్న ఊరి జిల్లా పరిషత్ హైస్కూలులో 1991లో పదో తరగతి పరీక్ష రాసిన 31 మంది మీరు. వచ్చే సంక్రాంతికి అందరూ కలవాలని, అదే రోజు జ్ఞాపకాల పుస్తకం విడుదల చేయాలని అనుకున్నారు. వాట్సాప్‌లో అందరినీ రాయమంటే నలుగురే రాశారు, ఆ నాలుగూ ఒకే చేత్తో రాసినట్టున్నాయి. మిగతావాళ్లతో ఎలా రాయించాలి, పుస్తకంలో ఏమేమి ఉండాలి?

నేను జిల్లా పరిషత్ బడుల్లో లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ తర్వాత ఇలాంటి పుస్తకాలకు పూర్వ విద్యార్థుల పక్కన కూర్చుని పనిచేశాను. కొన్ని చక్కగా వచ్చాయి, కొన్ని ప్రజాప్రతినిధుల సందేశాలతో, దాతల ఫొటోలతో నిండి అటకెక్కాయి. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఆ నలుగురి సంగతి. మధుర జ్ఞాపకాలు, మరపురాని రోజులు, దైవసమానులైన గురువులు: వాళ్లు రాసింది ఇంచుమించు ఇదే అయి ఉంటుంది. తప్పు వాళ్లది కాదు. "మీ జ్ఞాపకాలు రాయండి" అంటే ఎవరికైనా పరీక్షలో వ్యాసరచన ప్రశ్నే గుర్తుకొస్తుంది. అప్పుడు మేం నేర్పిన ఉపోద్ఘాతం, ఉపసంహారం వాటంతట అవే కలం మీదికి వస్తాయి. ఇక మిగతావాళ్లలో చాలామంది పదో తరగతి తర్వాత తెలుగులో ఒక పేజీ రాసి ఉండరు. వాళ్లను రాయమని అడగకండి. ఫోను చేసి మాట్లాడించండి, మీరు రాసుకోండి.

అడిగేది కూడా ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలిగేదై ఉండాలి. పదో తరగతిలో ఏ బల్ల మీద కూర్చునేవారు, పక్కన ఎవరు? హాజరు పిలిచేటప్పుడు మీ నంబరు ఎంత? బడికి ఏ గట్టు మీదుగా వచ్చేవారు, వానాకాలంలో చెప్పులు ఎక్కడ విడిచేవారు? ట్యూషన్ ఎవరి ఇంట్లో? గంట కొట్టేది ఎవరు? మొదటిసారి సంతకం ఎప్పుడు చేశారు? ఈ చివరిదాన్ని తప్పకుండా అడగండి. చాలామందికి అది పబ్లిక్ పరీక్ష దరఖాస్తు నింపిన రోజే. సర్టిఫికెట్ మీదికి రెండు పుట్టుమచ్చలు కావాలని మాస్టారు ఒక్కొక్కరినీ పిలిచి చేతులు, మెడ, మోకాళ్లు వెతికిన రోజు కూడా అదే. మచ్చలు దొరకని పిల్లవాడి తంటా తరగతి అంతటికీ వినోదం. ఆ ఒక్క రోజు గురించి అడిగితే చాలు, నోరు విప్పనివాళ్లు కూడా పావుగంట మాట్లాడతారు.

మధ్యాహ్నం ఏం తినేవారు, ఎక్కడ కూర్చుని తినేవారు అనేది కూడా అడగండి. ఇది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. హైస్కూలు పిల్లలకు ప్రభుత్వ మధ్యాహ్న భోజనం 2008లో గానీ రాలేదు. మీ రోజుల్లో ఎవరి క్యారేజీ వారిదే. కొందరు చెట్టు కింద గుండ్రంగా కూర్చుని పచ్చళ్లు పంచుకున్నామంటారు. కొందరు ఇల్లు దూరమైనా ఇంటికే వెళ్లి తినేవాళ్లమంటారు. ఒకరిద్దరు ఏమీ తెచ్చుకోక పంపు దగ్గర తిరిగి వచ్చేవాళ్లమంటారు. గుండ్రంగా కూర్చున్నవాళ్లలో ఎవరెవరు ఉన్నారో, ఎవరు లేరో, ఎందుకు లేరో ఊళ్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ జవాబులను సరిదిద్దకండి, చెప్పినవాళ్లు ఒప్పుకుంటే చెప్పినవి చెప్పినట్టే అచ్చు వేయండి. "మేమంతా ఒకే కుటుంబంలా ఉండేవాళ్లం" అన్న వాక్యం పుస్తకంలో రాసేముందు మాత్రం ఆ జవాబులన్నీ ఒకసారి వరుసగా చదవండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ బ్యాచ్ 31 మంది అని ఎలా లెక్కపెట్టారు? గ్రూప్ ఫొటో చూసా, హాల్‌టికెట్ల వరుస చూసా? ఏది చూసినా ఆ లెక్క తక్కువే. బడికి వెళ్లండి. ఇప్పటి ప్రధానోపాధ్యాయులకు ఒక అర్జీ రాసిచ్చి, 1986లో ఆరో తరగతిలో చేరినవాళ్ల అడ్మిషన్ రిజిస్టరు చూపించమని అడగండి. హాజరుపట్టీలు చెదలు పట్టి పోయి ఉండవచ్చు గానీ అడ్మిషన్ రిజిస్టరును బడి ప్రాణంలా చూసుకుంటుంది. ఎవరికి ఏ సర్టిఫికెట్ కావాలన్నా ఆధారం అదే. ఇంటిపేరుతో సహా పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, బడి మానిన తేదీ, మానిన కారణం అందులో ఉంటాయి. పేర్లు రాసుకోండి, పేజీల ఫొటోలు మాత్రం తీయకండి. కులం, పుట్టినతేదీ కూడా అక్కడే ఉంటాయి, వాటితో మీకు పని లేదు. పుట్టినతేదీల గడిలో జూన్, జూలై ఎక్కువ కనిపిస్తే నవ్వుకోండి. చేర్పించే రోజున వయసు సరిపోయేలా మాస్టారే ఒక తేదీ వేసేవారు. ఆ తేదీకే మీలో కొందరు నేటికీ శుభాకాంక్షలు అందుకుంటున్నారు.

ఆరులో చేరిన పేర్లకూ పదిలో మిగిలిన పేర్లకూ మధ్య తేడా చూస్తే మీకే తెలుస్తుంది. ఏడో తరగతి ఉమ్మడి పరీక్ష తప్పి ఆగిపోయినవాళ్లు, ఎనిమిదిలో పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్లలు, పొలం పనికో పాలేరుతనానికో కుదిరినవాళ్లు, సంక్షేమ హాస్టల్లో సీటు వచ్చి వెళ్లినవాళ్లు, తండ్రికి బదిలీ అయినవాళ్లు. వీళ్లంతా మీ బ్యాచ్ కాదా? నా దృష్టిలో ముమ్మాటికీ మీ బ్యాచే. పై తరగతిలో తప్పి మీతో వచ్చి కూర్చున్నవాళ్లూ మీవాళ్లే. పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు ఎక్కువగా పాసైనవాళ్ల సమ్మేళనాలు. అందులోనూ ఉద్యోగం వచ్చినవాళ్లు వేదిక మీద, రానివాళ్లు కుర్చీలు సర్దుతూ ఉంటారు. పుస్తకం కూడా అలాగే తయారైతే దానికంటే ఫోన్‌లో ఫొటో ఆల్బమ్ నయం.

ఇది జాలితో చెబుతున్న మాట కాదు, పుస్తకం బాగుకోసం చెబుతున్నది. పై చదువులకు వెళ్లినవాళ్ల తలలో జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ, హాస్టలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. హైస్కూలులో జరిగింది కాలేజీలో జరిగినట్టు, కాలేజీ లెక్చరర్ అన్నమాట హైస్కూలు మాస్టారు అన్నట్టు చెబుతుంటారు. చదువు అక్కడే ఆగినవాళ్లకు బడి ఒక్కటే బడి. ఒక బ్యాచ్ పుస్తకం చేస్తున్నప్పుడు ఎనిమిదిలో మానేసి ట్రాక్టర్ డ్రైవరైన ఒకాయన తరగతి గది నేల మీద సుద్దతో గీసి, ఏ వరుసలో ఎవరు కూర్చునేవారో పేరుపేరునా చెప్పాడు. పక్కనే ఉన్న ఇంజనీరు తన స్థానం కూడా ఆయన్నే అడిగి తెలుసుకున్నాడు. ఊళ్లో ఉండిపోయినవాళ్లలో అలాంటివారు మీకూ దొరుకుతారు. మొదట వాళ్ల ఇంటికి వెళ్లండి.

పరీక్ష తప్పినవాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్తగా మసలుకోవాలి. ఆ రోజుల్లో ఫలితాలు దినపత్రికలో వచ్చేవి, పాసైనవాళ్ల నంబర్లే వేసేవారు. తప్పినవాడికి తన నంబరు లేకపోవడమే ఫలితం. పొద్దుటి బస్సులో పత్రిక దిగేసరికి టీ హోటలు దగ్గర ఊరు ఊరంతా ఉండేది. మార్కులు 600కి 360 వస్తే ఫస్ట్ క్లాసు, హిందీలో 20 వస్తే గట్టెక్కినట్టు, మిగతా సబ్జెక్టుల్లో 35 రావాలి. చిన్న బళ్లలో ఎక్కువమందిని ముంచింది లెక్కలు, ఇంగ్లీషు. (లెక్కల మాస్టారిగా ఆ నింద నేనూ కొంత మోశాను.) ఎవరు తప్పారు, ఎందులో తప్పారు అని జాబితా వేయకండి. ఆ పొద్దున ఎక్కడున్నారు, పత్రిక ఎవరు చూశారు, ఇంటికి ఎలా వెళ్లారు అని అందరినీ అడగండి. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు.

మీ నలుగురూ రాయని ముఖ్యమైన విషయం, మీ బడి చిన్నది కావడం వల్లనే మీకు దక్కిన అనుభవం ఒకటుంది. చిన్న బడికి పరీక్షా కేంద్రం ఉండదు. పక్కనున్న పెద్ద ఊరికో మండల కేంద్రానికో వెళ్లి రాయాలి. 11 పేపర్లు, రోజుకొకటి. బస్సు వేళకు రాదని కొందరు ఆ ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని అందరూ కలిసి ఉండేవాళ్లు. బియ్యం, కిరోసిన్ స్టవ్వు, పచ్చడి జాడీలు ఇళ్ల నుంచి వెళ్లేవి. తోడుగా ఒక మాస్టారో, ఎవరి మేనమామో ఉండేవారు. ఆడపిల్లలు బంధువుల ఇళ్లలో దిగేవారు, లేదా తండ్రి సైకిలు మీద రోజూ వెళ్లి వచ్చేవారు. అంతకుముందు రెండు నెలలు బడిలోనే రాత్రి చదువులు. కరెంటు పోతే లాంతర్లు, తెల్లవారుజామున లేపడానికి వచ్చే మాస్టారు, చాపల మీద పుస్తకం మొహాన కప్పుకుని నిద్రపోయేవాళ్లు. ఒక తరగతి మొత్తం ఇంటికి దూరంగా కలిసి బతికిన మొదటి రోజులు అవి, కొందరికి చివరివి కూడా. పట్నం బడిలో చదివినవాళ్లకు ఇది తెలియదు. పుస్తకంలో మూడో వంతు దీనికే ఇచ్చినా నేను కాదనను. గది ఏ వీధిలో, ఇంటివాళ్లు ఎవరు, వంట ఎవరు చేశారు, సోషల్ పేపరు ముందురోజు రాత్రి సినిమాకు ఎవరు వెళ్లారు: ఇవన్నీ రాబట్టండి.

2020లో పది చదివిన పిల్లలు నాకు ఇక్కడ గుర్తొస్తారు. తెలంగాణలో మార్చి 19న పరీక్షలు మొదలై, కొన్ని పేపర్లయ్యాక కరోనా వల్ల ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో మొదలే కాలేదు. రెండు చోట్లా అందరినీ పాస్ చేశారు. ఎంతోమందికి వీడ్కోలు సభ కూడా జరగలేదు. వాళ్లు పాతికేళ్ల తర్వాత పుస్తకం వేస్తే అది మీ పుస్తకంలా ఉండదు, ఉండకూడదు కూడా.

గ్రూప్ ఫొటో విషయం. మధ్యలో కుర్చీల్లో ఉపాధ్యాయులు, వెనక బల్లల మీద అబ్బాయిలు, కింద పట్టా మీద ఆడపిల్లలు, అట్ట మీద అంటించి అంచున పేర్లు. ఉన్నవాటిలో బాగా మిగిలిన కాపీని స్కాన్ చేయించి, ప్రతి మొహానికీ నంబరు వేసి, ముగ్గురికి విడివిడిగా పంపండి. ఒకరు రాసింది ఇంకొకరు చూడకూడదు. ముగ్గురూ ఒకే పేరు చెబితే సరే, లేకపోతే నాలుగో మనిషిని అడగండి. ఫొటోలో లేనివాళ్ల జాబితా కూడా రాయండి. ఆ రోజు జ్వరంతో రానివాళ్లు ఉంటారు, ఫొటోకు డబ్బు కట్టలేక ఏదో వంక చెప్పి రానివాళ్లూ ఉంటారు. వాళ్ల పేర్లు ఫొటో కిందే అదే సైజు అక్షరాల్లో రావాలి. గంట కొట్టిన అటెండరు, గేటు దగ్గర రేగుపళ్లు, జామకాయలు అమ్మిన అవ్వ కూడా ఏ ఫొటోలోనూ ఉండరు, అందరి మాటల్లోనూ ఉంటారు. వాళ్ల పేరు కనుక్కోవడం అంత కష్టమేమీ కాదు, ఇంతకాలం ఎవరూ అడగలేదంతే.

దెబ్బల గురించి. ప్రతి బ్యాచ్ పుస్తకంలోనూ బెత్తం మాస్టారి కథ నవ్వులాటగా వస్తుంది. పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించింది, ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2010లో. మీ రోజుల్లో అది మామూలు సంగతి. అయినా మామూలు సంగతి అందరికీ ఒకే రకంగా తగలదు. ఒకే దెబ్బను ఒకరు ప్రేమగా గుర్తుపెట్టుకుంటారు, మరొకరు బడి మానడానికి అదే కారణమంటారు. చూసినవాడు చెప్పిన కథ వేయకండి, తిన్నవాడు చెబితేనే వేయండి. మారుపేర్లకూ ఇదే నియమం. ఆ పేరు మోసినవాళ్లు సరేనంటేనే అచ్చులోకి రావాలి. మాస్టార్లకు పెట్టిన మారుపేర్లంటారా, మాకు అన్నీ అప్పుడే తెలుసు.

ఆడపిల్లల దగ్గర మీ పని ఆగిపోతుంది, అది ముందే చెబుతున్నాను. ఇంటిపేరు మారింది, ఊరు మారింది. గ్రూపులో ఉన్న ఒకరిద్దరు కూడా దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. మగవాళ్లు ఫోను చేస్తే ఇంట్లో ఎవరితో మాట్లాడుతున్నావని అడిగే కాపురాలు ఇప్పటికీ ఉన్నాయి. మీ బ్యాచ్‌లోని ఒక మహిళకు ఈ బాధ్యత పూర్తిగా అప్పగించండి, సహాయకురాలిగా కాదు, సంపాదకురాలిగా. పుట్టింటివైపు అన్నదమ్ముల ద్వారా వెతికితే చాలామంది దొరుకుతారు. ఏ పేరుతో అచ్చు వేయాలో వాళ్లనే అడగండి. ఫోన్ నంబర్లు మాత్రం పుస్తకంలో ఎవరివీ వేయకండి. పరికిణీ ఓణీతో కాలువ గట్టు దాటి వచ్చిన పిల్లలు చెప్పే బడి, మీరు చెప్పే బడి ఒకటి కాదని అప్పుడు తెలుస్తుంది. మరుగుదొడ్డి లేని బడిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా ఉన్న సంగతి మగపిల్లల్లో ఒక్కరూ రాయగా నేను చూడలేదు.

జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి పొసగవు. తేదీలైనంతవరకు సరిచూడటం తేలికే, ఊరంతటికీ తెలిసిన సంఘటనకు ముడిపెట్టి చూడండి. మీకు రెండు మంచి గుర్తులున్నాయి. 1990 మే 9న పెద్ద తుఫాను కృష్ణా తీరాన్ని తాకింది. అది మీ తొమ్మిదికీ పదికీ మధ్య వేసవి సెలవు. కాబట్టి "తుఫాను రోజు పాఠం జరుగుతుండగా పెంకులు లేచిపోయాయి" అని ఎవరైనా అంటే అది వేరే గాలివాన అయి ఉండాలి. "జూన్‌లో బడి తెరిచేసరికి పైకప్పు లేదు, చెట్టు కింద కూర్చున్నాం" అంటే నమ్మవచ్చు. రెండోది 1991 మే 21, రాజీవ్ గాంధీ హత్య జరిగిన రోజు. అప్పటికి మీ పరీక్షలు అయిపోయాయి. ఆ మర్నాడు ఎక్కడున్నారని అడిగితే పరీక్షల తర్వాతి ఖాళీ రోజుల్లో ఎవరు ఏ పనిలో ఉన్నారో బయటికొస్తుంది. ఇక తేదీతో తేలని విషయాల్లో, అంటే ఎవరు ముందు గొడవపడ్డారు, స్వపరిపాలన దినోత్సవం రోజు ప్రధానోపాధ్యాయుడి వేషం ఎవరు వేశారు వంటివాటిలో, రెండు కథనాలూ పక్కపక్కనే వేయండి. తీర్పు చెప్పాల్సిన పని సంపాదకుడికి లేదు.

మరణించినవాళ్ల పేజీ ముందుగా మొదలుపెట్టండి, చివరికి మిగిల్చకండి. మీ వయసు యాభై దాటింది, కొందరు పోయి ఉంటారు. వాళ్ల ఇంటికి ఇద్దరు వెళ్లి, ఫొటో అడిగి, మీకు గుర్తున్నది వాళ్ల పిల్లలకు చెప్పండి. తండ్రి పదో తరగతిలో ఎలా ఉండేవాడో ఆ పిల్లలకు చెప్పగలిగేది మీరే. తల్లి విషయమూ అంతే.

ఇక అచ్చు పని. ముద్రణలో 16 పేజీలు ఒక ఫారం, నాలుగు ఫారాలు, అంటే 64 పేజీలు మీకు బాగా సరిపోతాయి. వంద కాపీల లోపు అయితే డిజిటల్ ప్రింటింగ్ చాలు. సందేశాలు వద్దు, ప్రకటనలు వద్దు. ఖర్చు ఎవరు ఎంత ఇచ్చారో పుస్తకంలో రాయవద్దు. ఒక కాపీ బడి గ్రంథాలయానికి, ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.

చివరిగా, సంక్రాంతి రోజున విడుదల పెట్టుకోకండి. ఆ రోజుకు ప్రూఫు కాపీలు ఓ పది తీయించి, పెన్సిళ్లతో సహా బల్లల మీద పెట్టండి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకరి మాట మీద ఇంకొకరికి గుర్తొచ్చేవి ఫోన్‌లో చెప్పినవాటికి రెట్టింపు ఉంటాయి, తప్పులూ అక్కడే దొరుకుతాయి. అవన్నీ చేర్చి ఉగాదికి అచ్చుకు ఇవ్వండి. అడ్మిషన్ రిజిస్టరు కోసం అర్జీ మాత్రం ఈ వారమే పెట్టండి. పరీక్షల హడావిడి మొదలైతే ప్రధానోపాధ్యాయులకు మీకోసం బీరువా తెరిచే తీరిక ఉండదు.